దీవి దాకా పెట్రోలు

విమానాల షెడ్డు
ఫిబ్రవరి, ఆదివారం

ఒసేయ్ పిచుకా,

నువ్వు పంపిన పెట్టె అందింది. అంత పెద్ద అట్టపెట్టె, దాన్నిండా దూది, ఆ దూది మధ్యలో అగ్గిపెట్టంత సెన్సర్. నగలు విప్పుతున్నట్టు విప్పాను. దీన్ని పెట్రోలు గొట్టం మధ్యలో బిగిస్తే లోపల చిన్న చక్రం తిరుగుతుందనీ, గంటకు ఎన్ని లీటర్లు ఇంజనులోకి పోతున్నాయో, మొత్తం ఎన్ని ఖర్చయ్యాయో నా ముందున్న మీటరు మీద సూది చూపిస్తుందనీ నువ్వు రాసిన కాగితం రెండుసార్లు చదివాను. కొలత పనిముట్లు సరిచూసే కంపెనీలో నువ్వుండటం ఇన్నాళ్ళకు నాకు పనికొచ్చింది. లేకపోతే నీ చదువంతా మా తమ్ముడి గొప్పలకే సరిపోయేది.

అసలు సంగతి వినవే. విమానం పూర్తయింది. రెక్కలకు గుడ్డ కప్పడం మొన్నటితో అయిపోయింది. ఇన్నాళ్ళూ జనానికి చొక్కాలూ గౌన్లూ కుట్టిన చేతులు కదా, కుట్టు ఎక్కడుందో చూపించమంటే విమానం తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వెతికారు. ఇంజను పాతదే. కొత్త అల్లుడిలా పొద్దున్నే కాస్త బతిమాలించుకుంటుంది, ఆ తర్వాత ఏ గొడవా లేదు.

ఇక మిగిలింది ఒక్కటే, దీవికి వెళ్ళి రావడం. నా కత్తిరింపు బల్ల ముందు కిటికీలోంచి, ఆకాశం తేటగా ఉన్న రోజున నీళ్ళకు అవతల కనిపిస్తుందే, అదే. స్కూలు పిల్లల కొలతలు తీసుకోవడానికి అక్కడికి పడవలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఎగిరి ఒక్కసారీ వెళ్ళలేదు. నేను కట్టిన విమానంలో, పక్కన ఎవరూ లేకుండా, నేనే నడుపుకుంటూ వెళ్ళాలి. ఇదంతా మొదలుపెట్టిందే అందుకు.

ఇన్‌స్పెక్టర్ గారిది ఒకటే పట్టు. ట్యాంకులో తేలే బిరడా మీటరును నమ్మి నీళ్ళ మీదికి పంపనంటారు. విమానం ఊగితే అదీ ఊగి, సగం ఉన్నప్పుడు నిండుగా ఉన్నానని చెబుతుంది. నీ సెన్సర్ సరైన లెక్క చూపిస్తేనే ఆయన సంతకం పెడతారు.

నిన్న బిగించి ఇంజను వేశాను. సూది ఒక్కచోట నిలబడితే ఒట్టు. ఒక క్షణం సున్నా, మరుక్షణం లారీ కూడా అంత తాగదనిపించే అంకె. దీని రోగమేమిటో వెంటనే రాయి. ఫోన్ చేయకు. షెడ్డులో నీ మాట సగమే వినపడుతుంది, పైగా ఫోన్‌లో నువ్వు బొమ్మ గీయలేవు.

మీ అత్త


కొలతల గది, నా బల్ల దగ్గర
ఫిబ్రవరి చివర

అత్తా,

రెక్కలు పూర్తయ్యాయని చదివి కూర్చున్నచోటే చప్పట్లు కొట్టాను. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. నాకు నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఎగరడం నీకే వదిలేస్తున్నాను. గర్వంలో మాత్రం నాకు వాటా కావాలి.

ఇప్పుడు నిజం చెప్పు. సెన్సర్‌ను గొట్టం వంపు పక్కనే పెట్టావు కదూ? ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడ ఇరికించి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా. వంపు తిరగ్గానే పెట్రోలు సుడులు తిరుగుతూ వస్తుంది. దాని తోపుడికి చక్రం తికమకపడుతుంది. అందుకని సెన్సర్‌కు ముందు ఒక జానెడు, తర్వాత ఒక జానెడు గొట్టం తిన్నగా ఉండేలా చూడు. దాని వైర్లు పైకి ఉండాలి, పిల్లి తోకెత్తుకుని నడిచినట్టు. పక్కకు పడుకోబెడితే లోపల గాలి బుడగలు చేరి కాపురం పెడతాయి. పొగగొట్టానికి బాగా దూరంగా జరుపు, వేడి తగిలితే పెట్రోలు ఆవిరై మళ్ళీ బుడగలే. గొట్టానికి మంటకు ఆగే గుడ్డతో తొడుగు వేయి. మరలకు టేపు మాత్రం చుట్టకు, దాని ముక్కలు ఊడి లోపల పడతాయి.

కింద బొమ్మ గీశాను. అందులో నిన్ను కూడా వేశాను, నడుం మీద చేతులు పెట్టుకుని సెన్సర్‌ను తిడుతున్నట్టు.

నీ పిచుక


విమానాల షెడ్డు
మార్చి, గాలి జోరుగా ఉన్న రోజు

పిచుకా,

నువ్వు అన్నట్టే వంపు పక్కనే పెట్టాను. పక్కకు పడుకోబెట్టాను కూడా. అంత దూరం నుంచి ఎలా చూశావే? గొట్టం విప్పి, కొత్త ముక్క కోసి, తిన్నగా ఉన్నచోట, తోక పైకి పెట్టి బిగించాను. తొడుగు కొనలేదు. మంటకు ఆగే గుడ్డ తెప్పించి నేనే కుట్టాను, రెండు వరసల కుట్టు, చివర మడత. నాకు విమానం నేర్పిన మాస్టారు దాన్ని చేత్తో నిమిరి, గొట్టానికి కూడా ఇంత మంచి బట్ట దొరికింది, మా ఆవిడ మాత్రం నన్ను పాత చొక్కాలతోనే తిప్పుతోందని వాపోయారు.

ఇంజను వేస్తే సూది బుద్ధిగా నిలబడింది. షెడ్డులో నేను వేసిన కేక బయట గడ్డి కోసేవాళ్ళకు వినిపించిందట. వెంటనే మైదానం చుట్టూ ఎగిరాను. ఏం చెప్పను, పైనుంచి చూస్తే మన వీధి మొత్తం ఒక అరచేతిలో పడుతుంది. నా దుకాణం కప్పు మీద ఎవరో విసిరేసిన చెప్పు ఉందని కూడా కనిపెట్టాను.

కానీ దిగాక చిక్కు మొదలైంది. పదిహేను లీటర్లు ఖర్చయిందని మీటరు చెప్పింది. కొలత డబ్బాతో ట్యాంకు నింపితే ఇరవై పట్టింది. మర్నాడు మళ్ళీ ఎగిరాను, తేడా ఇంకా పెరిగింది. ఇన్‌స్పెక్టర్ గారు చూసి, గెంతే సూది కంటే ఇది ప్రమాదం అన్నారు. గెంతేదాన్ని ఎవరూ నమ్మరు, ఇది నమ్మకంగా అబద్ధం చెబుతోంది అన్నారు.

సెన్సర్‌ను తిప్పి పంపుతున్నాను. త్వరగా చూడు. నెలలు గడపడానికి వీల్లేదు. ఎందుకని మాత్రం అడక్కు.

మీ అత్త


కొలతల గది
ఏప్రిల్ మొదట్లో

అత్తా,

సెన్సర్ విప్పాం. మా సూపర్‌వైజర్ భూతద్దం కింద పెట్టి చూసి నన్ను పిలిచారు. చక్రం తిరిగే ఇరుసు రెండు కొసలూ అరిగిపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడితే తప్ప అలా అరగవని ఆయన అంటున్నారు. అందుకే చక్రం బరువుగా తిరిగి లెక్క తక్కువ చూపిస్తోంది. నువ్వు ఎగిరింది నాలుగైదు గంటలు కూడా లేదు. అది ఇక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు సరిగ్గా ఉందని ముద్ర వేసింది నేను. నా బల్ల మీదే ఏదో పొరపాటు జరుగుతోందేమోనని అన్నీ విప్పి మళ్ళీ సర్దాను. ఏ పొరపాటూ కనిపించలేదు. కనిపించి ఉంటే బాగుండేది.

రెండో సెన్సర్ పంపుతున్నాను. దీన్ని నేను ఒకసారి, సూపర్‌వైజర్ ఒకసారి, వేరువేరుగా సరిచూశాం.

ఇంకో సంగతి. ఎందుకని అడక్కు అన్నావు. నేను అడగలేదు. నాన్నే నోరు జారాడు. నీ గుండె లయ తప్పుతోందనీ, నెలాఖరు దాటితే ఒంటరిగా విమానం నడపడానికి డాక్టరు అనుమతి ఇవ్వడనీ చెప్పాడు. ఏ నెలాఖరో తనకూ తెలియదట. ఇంత విషయం నా దగ్గర దాచావా? నాకు కోపం వచ్చింది అత్తా. ఏడుపు కూడా వచ్చింది. ఏ నెలో రాయి. ఈసారి దాచకు.

పిచుక


విమానాల షెడ్డు
ఏప్రిల్ చివర

పిచుకా,

మా తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. సరే, విను. మే నెల ముప్పై ఒకటి. అదే నా ఆఖరి రోజు. గుండెకు పెద్ద ప్రమాదమేం లేదు, మాత్రలు వేసుకుంటే ఇంకా మీ అందరినీ చాలాకాలం వేపుకు తింటాను. కానీ జూన్ ఒకటో తారీఖు నుంచి పక్కన మరో పైలట్ లేకుండా విమానం కదపకూడదు. డాక్టరు గారు మంచి మనిషి, ఆయన ముందు రాద్ధాంతం చేయలేదు. ఇంటికొచ్చి కత్తిరింపు బల్ల దగ్గర కూర్చుని కిటికీ మూసేశాను. నీకు చెబితే నువ్వు తొందరలో ఏదైనా తప్పు చేస్తావని దాచాను. మరొకరితో కలిసి వెళ్తే సరిపోదా అని మీ నాన్న అడిగాడు. సరిపోదు. ఎందుకు సరిపోదో వాడికి చెప్పలేకపోయాను. నీకు చెప్పక్కర్లేదనుకుంటున్నాను.

ఇప్పుడు నీ రెండో సెన్సర్ సంగతి. మొదటి ఎగురుడికే నాలుగు లీటర్లు తక్కువ చూపించింది. నాకు ఒళ్ళు మండింది. మీ కంపెనీ వాళ్ళు బొమ్మలు చేసి అమ్ముకోవచ్చు, బాగా పోతాయి.

నా వైపు తప్పుందేమోనని నీ సూపర్‌వైజర్ అనుకుంటుంటే ఆయనకు ఈ మాట చదివి వినిపించు. నా దుకాణంలో కుట్టుమిషన్లు నా పెళ్ళినాటివి, ఇప్పటికీ కొత్తవాటిలా నడుస్తాయి. ఎందుకంటే దూది, నూలు పొట్టు లోపల ఒక్క పోగు కూడా మిగలనివ్వను. రోజూ సాయంత్రం కంప్రెసరు గొట్టం పెట్టి ప్రతి మిషన్‌కూ గట్టిగా గాలి కొడతాను. ఏ భాగమైనా గాలి కొట్టకుండా బిగించిన పాపాన పోలేదు. నువ్వు పంపిన దాన్ని కూడా, దూదిలో పెట్టి పంపావు కదా, పోగులు ఉంటాయని ఆ చివర ఒకసారి ఈ చివర ఒకసారి శుభ్రంగా కొట్టాకే బిగించాను. మొదటిదాన్ని విప్పి చోటు మార్చినప్పుడు కూడా మళ్ళీ కొట్టాను. లోపల చక్రం ఈలవేసినట్టు తిరిగింది. అంత శుభ్రంగా ఎవరు బిగిస్తారో చూపించమను.

నెల రోజులుంది. ఏం చేస్తావో నీ ఇష్టం.

మీ అత్త


కొలతల గది
ఉత్తరం అందిన రోజే

అత్తా, అత్తా, అత్తా,

దొరికింది. నీ ఉత్తరంలోనే ఉంది. ఈలవేసినట్టు తిరిగిందన్న చోట కుర్చీలోంచి లేచిపోయాను, టీ కప్పు ఒలికింది, చూసుకోలేదు. కాగితం పట్టుకుని సూపర్‌వైజర్ గదికి పరిగెత్తాను.

నీ మిషన్లకు ఆ గాలి మందు. దీనికి విషం. గాలి కంటే పెట్రోలు చిక్కగా, నెమ్మదిగా పోతుంది, చక్రం దాని వేగానికి తగ్గట్టు తయారైంది. కంప్రెసరు గాలి తగిలితే అడ్డూ అదుపూ లేకుండా తిరిగి, ఏళ్ళలో అరగాల్సిన ఇరుసు రెండు క్షణాల్లో అరిగిపోతుంది. మేం పాత సెన్సర్ ఒకటి తీసి గాలి కొట్టి చూశాం. అది ఈలవేసింది, నిజంగానే. భూతద్దం కింద చూస్తే నువ్వు తిప్పి పంపినదానికి కవలపిల్లలా ఉంది. సూపర్‌వైజర్ చాలాసేపు నవ్వి, ఇంత శుభ్రమైన మనిషి మాకు ఎప్పుడూ తగల్లేదని చెప్పమన్నారు. గాలి కొట్టొద్దని పెట్టెలో రాయనందుకు నన్ను చీవాట్లు పెట్టారు. ఈ కంపెనీలో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి రాయాలని నాకు తోచలేదు. గాలి కొట్టడం నీకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది కాబట్టి చెప్పాలని నీకు తోచలేదు.

నిన్ను తిట్టాలని ఉంది, పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనీ ఉంది. రెండూ స్వయంగా వచ్చి చేస్తాను. మూడో సెన్సర్‌ను రెండు చివరలా మూతలు బిగించి నేనే తెస్తున్నాను. శనివారం పొద్దుటి బస్సుకు వస్తాను. అంతవరకూ దేన్నీ ముట్టుకోకు. కంప్రెసరు ప్లగ్గు పీకి పక్కింటి వాళ్ళకు ఇచ్చేయ్.

నీ పిచుక


విమానాల షెడ్డు
మే, మూడో వారం

పిచుకా,

నువ్వు వెళ్ళాక షెడ్డు బోసిపోయింది. నీ చేతి కింద పనిచేయడం బాగుందే. గొట్టం మూత తీయగానే సెన్సర్ బిగించెయ్యాలని నువ్వు అరవడం, నా చెయ్యి అలవాటుగా గాలి గొట్టం కోసం వెతకడం, నువ్వు దాని మీద ఒక్కటి వెయ్యడం తలుచుకుని నిన్న ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మీటరు చెప్పిన లెక్కా, డబ్బాతో నింపిన లెక్కా వరసగా అన్ని ఎగురుళ్ళలోనూ ఒకటే. ఇన్‌స్పెక్టర్ గారు సంతకం పెట్టారు. ఒక షరతు చెప్పారు. దీవిలో విమానం పెట్రోలు దొరకదు. దిగడానికి గడ్డి మైదానం తప్ప ఏమీ లేదు. కాబట్టి తిరిగి రావడానికి సరిపడా, దాని మీద ఇంకో అరగంటకు సరిపడా పెట్రోలు ఉందని మీటరు చెబితేనే ముందుకు పోవాలి. తగ్గితే మారుమాట లేకుండా వెనక్కి తిరగాలి.

నిన్న బయల్దేరాను. తీరం దాటేసరికి కింద అంతా నీళ్ళే. భయమేయలేదు, గట్టిగా పాడుకున్నాను, అక్కడ నన్ను ఆపేదెవరు? గాలి పక్క నుంచి కొడుతోంది. విమానం ముక్కు కాస్త గాలివైపు తిప్పిపెట్టి నడపాలి, దాంతో ప్రయాణం సాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వచ్చేటప్పుడూ అదే బాధ. సూది చూస్తూనే ఉన్నాను. దీవి కనిపించింది. నీళ్ళ ట్యాంకు, స్కూలు కప్పు, రేవులో పడవలు, అన్నీ కనిపించాయి. అప్పుడే సూది ఇక చాలదని చెప్పింది. పాత బిరడా మీటరు మాత్రం నిక్షేపంలా ఉందని ఊగుతూ చెబుతోంది.

వెనక్కి తిప్పాను. ఎలా తిప్పానో నాకే తెలియదు. దిగాక ట్యాంకులో కొలిస్తే నీ సూది చెప్పింది అక్షరాలా నిజం. పాత సెన్సర్‌ను నమ్ముకుని వెళ్ళి ఉంటే తిరుగుదారిలో నీళ్ళలో దిగేదాన్నేమో. మాస్టారు ట్యాంకు మూత పెడుతూ నా భుజం తట్టారు. ఆయన వెళ్ళాక సీట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

మీ అత్త


కొలతల గది
మే చివరి వారం

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆ సెన్సర్ ఆ ఒక్కరోజు అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

వాతావరణ కేంద్రం వాళ్ళను అడిగాను. నెలాఖరు దాకా ఈ పక్కగాలి తగ్గదట. నువ్వు రాసిన అంకెలతో లెక్క మూడు రకాలుగా వేశాను. ట్యాంకు నిండుగా నింపినా, వెళ్ళి రావడానికి, అరగంట మిగుల్చుకోవడానికి చాలదు. ఎంత సాగదీసినా చాలదు. మనం ఇంత కష్టపడి బాగుచేసింది నీ దారికే అడ్డం పడింది. నా చేత్తో బిగించాను కాబట్టి నాకు ఇంకా బాధగా ఉంది.

ఇంకోసారి ప్రయత్నించకని చెప్పను. నువ్వు నన్ను తిడతావు. జాగ్రత్త అని మాత్రం రాస్తున్నాను. పోనీ ఆ రోజు నేను రానా? ఇద్దరం తీరాన కూర్చుని చూద్దాం.

పిచుక


దీవి
మే ముప్పై ఒకటి, మధ్యాహ్నం

ఒసేయ్ పిచుకా,

పైన రాసిన చోటు చూశావా? మళ్ళీ చూడు. నేను దీవిలో ఉన్నాను. స్కూలు వెనక గడ్డిలో విమానం ఉంది, దాని రెక్క నీడలో కూర్చుని రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నీ లెక్క తలుచుకుంటూ అంట్లు తోముతున్నదాన్ని లేచి నిలబడ్డాను. వెళ్ళి రావడానికే కదా పెట్రోలు చాలనిది. వెళ్ళడానికి బోలెడంత ఉంది. ఆ కాగితం పట్టుకుని ఇన్‌స్పెక్టర్ గారి ఇంటికి పోయాను. మరి తిరిగి ఎలా వస్తారని అడిగారు. ఎలాగూ ఒకటో తారీఖు నుంచి నేను ఒంటరిగా నడపకూడదు కదండీ, తిరిగి తేవడం నా పని కాదు అన్నాను. ఆయన నవ్వాపుకుంటూ, నీ అంకెలన్నీ మళ్ళీ కూడి సంతకం పెట్టారు. దీవి చేరేసరికి గంటకు పైగా సరిపడే పెట్రోలు మిగలాలని రాశారు. చేరేసరికి నీ సూది గంటంబావు ఉందంది.

ఎలా వచ్చానో అడుగు. మొన్న వెనక్కి తిరిగిన చోటు దాటగానే నోటికొచ్చిందల్లా అరిచాను. గాలి మళ్ళీ పక్క నుంచే, ఎంతైనా కొట్టుకోనీ అనుకున్నాను. స్కూలు కప్పు మీదుగా వంపు తిరిగితే సెలవుల్లో ఆడుకుంటున్న పిల్లలంతా పరిగెత్తుకొచ్చి చేతులూపారు. వాళ్ళ యూనిఫారాలన్నీ నేను కుట్టినవే. గడ్డి మీద రెండు గెంతులు గెంతి ఆగాను, అంత అందమైన దిగుడేం కాదు, మాస్టారికి చెప్పకు.

ఇంజను ఆపాక వెంటనే దిగలేదు. ఆ సీట్లో ఒంటరిగా కూర్చోవడం అదే ఆఖరుసారి కదా. బాధేసింది, అబద్ధమెందుకు. కానీ నేను చేయాలనుకున్నది చేశానే. నా రెక్కలతో, నేనే నడుపుకుంటూ.

మాస్టారు శనివారం పడవలో పెట్రోలు డబ్బా తెస్తారు, ఆదివారం పొద్దున విమానాన్ని వెనక్కి నడుపుతారు. పక్క సీట్లో రమ్మన్నారు. పౌరుషంతో ముందు వద్దన్నాను. తర్వాత ఆలోచిస్తే తట్టింది, నేనెప్పుడూ దాని లోపలే ఉన్నాను, అది ఎగురుతుంటే ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని ఆదివారం పడవలో వస్తాను. పడవ సగం దూరం రాగానే మాస్టారు నా నెత్తి మీదుగా పోతారు. నేను కుట్టిన రెక్కలు కింద నుంచి ఎలా ఉంటాయో చూడాలి.

ఈ ఉత్తరం సాయంత్రం పడవకు ఇస్తున్నాను. ఆదివారం నువ్వు రేవుకు రా. వచ్చి తల పైకెత్తుకుని నిలబడు. ముందు అది కనిపిస్తుంది, ఆ తర్వాత నేను.

మీ అత్త